ముల్లు చెప్పిన లెక్క



మన సంఘం కారు డీజిల్ గురించి రెండు నెలలుగా ఊళ్లో చాలా మాటలు నడిచాయి. టీ కొట్టు దగ్గర నడిచాయి, బోరింగు దగ్గర నడిచాయి, ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకునే చోట కూడా నడిచాయి. ఇది ప్రసంగంలో చెప్పే విషయం కాదు. అయినా పదిమంది నోట పడ్డ మాటను పదిమందికీ తెలిసేలాగే సరిచేయాలి కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. డ్రైవర్ అబ్బాయి రాయమన్నాకే రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. మన ఊరివాళ్ళకి ఎలాగూ తెలుసు. గల్ఫ్‌లో, సింగపూర్‌లో ఉండి చదివే మన పిల్లలకి తెలియకపోయినా నష్టం లేదు.

ముందు కారు సంగతి. కొత్తగా సంఘంలో చేరినవాళ్ళు దాన్ని చూసి నవ్వుతుంటారు. అది అంబాసిడర్ నోవా, డీజిల్. బ్రిటన్‌లో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనా మీద కలకత్తా పక్కన ఉత్తర్‌పారాలో 1950ల చివర మొదలుపెట్టి 2014 మే వరకు చేసిన బండి. మన బండి ఆ వరసలో 1990ల నాటిది. మనకి రాకముందు చాలా ఏళ్ళు విశాఖ పోర్టు ఏరియాలో ఓ కాంట్రాక్టరు దగ్గర ఎండలో, ఉప్పుగాలిలో నిలబడి ఉంది. ఆ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

సబ్బవరం దాటి లోపలికున్న మన ఊరి నుంచి కె.జి.హెచ్.కి పెందుర్తి, ఎన్.ఏ.డి. కొత్తరోడ్డు మీదుగా 40 కిలోమీటర్ల పైచిలుకు. వారానికి రెండుసార్లు మన సహోదరి ఒకామెను డయాలసిస్‌కి తీసుకెళ్ళి తేవాలి. మధ్యలో ఎవరికో నొప్పులు వస్తాయి, ఎవరినో పాము కరుస్తుంది. అర్ధరాత్రి తలుపు తడితే కారు కదలాలి. కదలడమొక్కటే కాదు, దారిలో ఆగకూడదు. పెట్రోలు బండి ఆయిల్ అయిపోయి ఆగితే సీసాతో తెచ్చి పోసి స్టార్ట్ చేయొచ్చు. పాత డీజిల్ బండి అలా కాదు. ట్యాంకు ఎండిపోతే పైపుల్లోకి గాలి చొరబడుతుంది. మళ్ళీ డీజిల్ పోసినా వెంటనే అందుకోదు. ఫిల్టరు దగ్గర స్క్రూ వదులు చేసి, చేతిపంపు కొట్టి, నురగ పోయి చిక్కటి డీజిల్ వచ్చేదాకా ఆ గాలి తీయాలి. వెనక సీట్లో పేషెంటుని పెట్టుకుని, చీకట్లో, రోడ్డు పక్కన ఆ పని చేయడం ఎలా ఉంటుందో చేసినవాళ్ళని అడగండి.

అందుకే కారులో ఒక నోటుబుక్కు పెట్టాం. ఏ రోజు ఎన్ని లీటర్లు పోయించాం, ఎంతయ్యింది, మీటర్లో ఎన్ని కిలోమీటర్లు ఉన్నాయి. కానుకల డబ్బుతో కొనే డీజిల్ అది. చిల్లరతో సహా లెక్క ఉండాలి.

వానాకాలం చివర్లో డాష్‌బోర్డు మీద డీజిల్ ముల్లు విచిత్రంగా కనిపించసాగింది. సాయంత్రం 20 లీటర్లు పోయించి తెచ్చిన రోజున సగానికి పైన నిలబడేది. పొద్దున్నే తాళం తిప్పితే పావుకి దిగువన ఉండేది. ఒకసారి కాదు, పది రోజుల్లో మూడుసార్లు. చూసినవాళ్ళు ఒకరిద్దరు కాదు. రాత్రి కారు ఎవరి చేతిలో ఉంటుందో అందరికీ తెలుసు. సగం నుంచి పావుకి అంటే పది పన్నెండు లీటర్లు. ఆ అబ్బాయికి ఈమధ్య కొత్త ఫోను కూడా వచ్చింది. ఇంకేం కావాలి?

కమిటీ కూర్చున్న రోజు ఎవరూ 'దొంగ' అనే మాట అనలేదు. అలాంటి మాటలు మనం అనం. "డ్రైవర్ని మార్చుకుంటే అందరికీ మంచిది కదా" అన్నారు. ఆ అబ్బాయి గుమ్మం దగ్గరే నిలబడి విన్నాడు. లోపలికొచ్చి తాళంచెవులు బల్లమీద పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయాడు. తర్వాత రెండు ఆదివారాలు మన ఆరాధనలో డోలక్ మోగలేదు, మీకు గుర్తుండే ఉంటుంది.

మర్నాడు వాళ్ళమ్మ మా ఇంటికి వచ్చింది. అమ్మగారు కూర్చోమన్నా కూర్చోలేదు. "మా ఓడు తాగడు, పేకాడడు. ఒక్క సుక్క ముట్టుకోనేదని నా మీద సెయ్యేసి సెప్పినాడు అయ్యగారూ. మీరైనా నమ్ముతారా, నమ్మరా?" అంది. ఆమెకి ఏమని జవాబు చెప్పాలి? నమ్ముతానంటే కమిటీ పెద్దలు చూసింది అబద్ధమన్నట్టు. వాళ్ళు అబద్ధమాడలేదు, ముల్లు నిజంగానే దిగింది. నేనూ చూశాను. "నాకు పద్నాలుగు రోజులు ఇవ్వమ్మా" అన్నాను. కమిటీని కూడా అదే అడిగాను.

మొదట నోటుబుక్కు తీశాను. రాత్రికి పది లీటర్లు పోతుంటే కొన్న డీజిల్‌కీ తిరిగిన కిలోమీటర్లకీ పొంతన తప్పాలి. మూడు నెలల పేజీలు కూడాను. లీటరుకి 13 కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూ. ముల్లు పడడం మొదలైన తర్వాత కూడా అంతే. ఆ లెక్క పట్టుకెళ్ళి కమిటీలో పెద్దాయన ఒకరికి చూపిస్తే ఆయన ఒకే మాట అన్నారు: "ఆ బుక్కు రాసేది కూడా ఆ అబ్బాయే కదండీ." ఆ మాటలో తప్పేమీ లేదు. ఒక మనిషి మీద అనుమానం ఉన్నప్పుడు అతని చేతిరాతే సాక్ష్యమంటే చెల్లదు. అతని చేతిమీదుగా పోని సాక్ష్యం ఇంకొకటి కావాలి.

తాళంచెవులు ఇప్పుడు నా దగ్గరే ఉన్నాయి. డయాలసిస్ ట్రిప్పులు నేనే వేశాను. నాలుగో రోజు పొద్దున్న ముల్లు మళ్ళీ పావుకి వచ్చింది. ఆ రాత్రి కారు మా కిటికీ ఎదుట ఉంది. బండి కింద నేల తడి లేదు, వాసన లేదు, అంటే కారడం కాదు. బంకువాళ్ళు తక్కువ పోస్తున్నారేమోనని ఒకరన్నారు. ఇది మీరందరూ తెలుసుకోవలసిన సంగతి: ప్రతి బంకులోనూ తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన ఐదు లీటర్ల కొలపాత్ర ఉంటుంది. అనుమానం ఉంటే అడగొచ్చు, మన కళ్ళముందే పట్టి చూపించాలి. అడిగాం. గీత దగ్గర సరిగ్గా నిలబడింది. బంకు మీద అనుమానం తీరింది.

అప్పుడు మన సంఘంలోని పెద్దన్నయ్య దగ్గరికి వెళ్ళాను. స్టీల్ ప్లాంట్ కోసం భూములిచ్చిన కుటుంబం వాళ్ళది. ఆర్-కార్డు మీద ఉద్యోగం వచ్చింది, ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ గారు శంకుస్థాపన చేసినప్పుడు నాన్న భుజాల మీద కూర్చుని చూశానంటారు. అన్నేళ్ళూ ఆయన చేసిన పనల్లా ఒకటే, మీటరు చెప్పేది నిజమా కాదా అని చూడడం. నేను మొత్తం చెప్పేదాకా విని, ఒక ప్రశ్న వేశారు.

"పక్కన వేడి ముల్లు ఉంటాది కదా. అదెలాగుంది?"

అది బాగానే ఉందన్నాను. ఇంజను వేడెక్కినప్పుడు ఎక్కడుండాలో అక్కడే ఉంటోంది.

"అయితే ముల్లు మీద కోపం పెట్టుకోకండి. వెనక్కెళ్ళి సూద్దాం" అన్నారు.

ఆ ప్రశ్న వెనక ఉన్న సంగతి ఆయనే వివరించారు. బ్రిటిష్ పోలికల పాత కార్లలో చాలావాటికి డీజిల్ ముల్లుకీ వేడి ముల్లుకీ కరెంటు ఒకే చిన్న డబ్బీ నుంచి వస్తుంది. స్టెబిలైజర్ అంటారు. బ్యాటరీ ఎంతిచ్చినా అది సుమారు 10 వోల్టులకి తగ్గించి ఇస్తుంది. అది పాడైతే రెండు ముళ్ళూ కలిసి తప్పు చూపిస్తాయి. ఒకటే తప్పు చూపిస్తుంటే జబ్బు ఆ ఒక్కదాని దారిలోనే ఎక్కడో ఉన్నట్టు.

ఆ దారి ఏమిటో కాస్త ఓపికగా చదవండి, ఎందుకంటే నేరం అంతా అక్కడే జరిగింది. ట్యాంకులో ఒక కమ్మీ చివర బెండులాంటి ఫ్లోటు తేలుతుంటుంది. డీజిల్ పెరిగితే లేస్తుంది, తగ్గితే దిగుతుంది. కమ్మీ రెండో చివర ఒక చిన్న రేకు నాలుక, సన్నటి తీగ చుట్టిన పలక మీద అటూ ఇటూ రాసుకుంటూ జరుగుతుంది. కరెంటు ఆ తీగలో ఎంత దూరం నడవాలో ఆ నాలుక ఉన్న చోటు నిర్ణయిస్తుంది. ట్యాంకు నిండుగా ఉంటే దగ్గరదారి, కరెంటు ఎక్కువ పారుతుంది. ఖాళీగా ఉంటే దూరపుదారి, తక్కువ పారుతుంది. ముల్లు వెనక రెండు లోహాలు అతికించిన పట్టీ ఉంటుంది. కరెంటు ఎక్కువైతే అది వేడెక్కి వంగుతుంది, ముల్లుని పైకి తోస్తుంది. అందుకే పాత కార్లలో తాళం తిప్పగానే ముల్లు చటుక్కున లేవదు, మెల్లగా ఒళ్ళు విరుచుకుంటూ లేస్తుంది.

చూశారా, ఇందులో ఎక్కడా ముల్లు డీజిల్‌ని చూడదు. లీటర్లు దానికి తెలియవు. ఫ్లోటు కమ్మీకి చెబుతుంది, కమ్మీ నాలుకకి, నాలుక తీగకి, తీగ పట్టీకి, పట్టీ ముల్లుకి. పన్నెండు లీటర్లు పోయాయని మనం తేల్చింది ఇంతమంది చేతులు మారిన మాట మీద. (కారు అన్ని బళ్ళలోనూ ఇదే కొలత అనుకోకండి. కొన్ని కంపెనీల బళ్ళలో నిండుకి ఎక్కువ, ఖాళీకి తక్కువ, అంటే దీనికి తిరగేసి ఉంటుంది. చేయి పెట్టేముందు మెకానిక్‌ని అడగండి.)

శనివారం నాడు కమిటీ పెద్దల్ని ముగ్గురిని రమ్మన్నాను. అబ్బాయిని కూడా పిలిచాను. రానన్నాడు. రెండోసారి వాళ్ళమ్మ చేత పిలిపిస్తే వచ్చి, దూరంగా వేపచెట్టు కింద నిలబడ్డాడు. అన్నయ్య ముందు తాళం తిప్పి అందరికీ ముల్లు చూపించారు. పావు. "ఇందులో ఎంతుండాలి?" అని అడిగితే పన్నెండు పదమూడు లీటర్లని పెద్దలే చెప్పారు. అప్పుడు చేతిపంపు పెట్టి ఐదు లీటర్ల డబ్బాతో డీజిల్ బయటికి తోడాం. నోటితో పీల్చి తీసే అలవాటు మన ఊళ్లో ఉంది, దయచేసి మానండి. ఆ డీజిల్ ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషికే ప్రమాదం. ఒక డబ్బా నిండింది. రెండు నిండాయి. మూడో డబ్బా నిండేసరికి ఒకాయన లేచి దగ్గరికొచ్చారు. నాలుగు నిండాయి. అయిదోది దాదాపు నిండేదాకా వచ్చింది. మొత్తం 24 లీటర్లు. ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

పోయిందనుకున్న డీజిల్ ట్యాంకులోనే ఉంది. కానీ ముల్లు ఎందుకు తక్కువ చెబుతోందో తేలకపోతే అనుమానం సగమే తీరినట్టు. "ఈసారి మాత్రం ఉంది" అనే మాట మిగిలిపోతుంది.

అన్నయ్య ట్యాంకు దగ్గర ఫ్లోటు యూనిట్‌కి వచ్చే వైరు ఊడదీశారు. ముల్లు పూర్తిగా కిందికి పడింది. ఆ వైరుని శుభ్రమైన ఇనుముకి ఒక్క క్షణం తాకించారు. ముల్లు నిండు వైపు లేవడం మొదలుపెట్టింది. వెంటనే తీసేశారు. అలా ఎక్కువసేపు ఉంచితే లోపలి పట్టీ మాడిపోతుందట. ఈ చిన్న పరీక్షతో డాష్‌బోర్డు నుంచి ట్యాంకు దాకా వచ్చే వైరూ, ముల్లూ మంచివేనని తేలింది. మిగిలింది యూనిట్, దాని ఎర్తు.

ఎర్తు అంటే కరెంటు తిరిగి బ్యాటరీకి వెళ్ళే దారి. వచ్చే దారికి వైరుంది, అందరూ దాన్నే చూస్తారు. వెళ్ళే దారి ట్యాంకు ఇనుము, బాడీ ఇనుము. దాన్ని ఎవరూ చూడరు. అన్నయ్య మల్టీమీటరు ఒక కొస ట్యాంకుకీ, ఒక కొస గోకి మెరుగుపెట్టిన బాడీకీ పెట్టారు. ఒక ఓమ్ కూడా ఉండకూడని చోట 40 దాటి చూపించింది. అది కూడా నిలకడగా లేదు. ఎర్తు తీగ బిగించిన చోట చెక్కముక్కతో తడితే పదికి దిగింది, వదిలేస్తే మళ్ళీ ఎక్కింది. ఫ్లోటు చెప్పే లెక్కకి ఈ తుప్పు తన లెక్క కలుపుతోంది. కరెంటు దానివల్ల తగ్గుతోంది. కరెంటు తగ్గితే ముల్లుకి అర్థమయ్యేది ఒకటే, డీజిల్ తగ్గిందని.

అప్పుడాయన ఒక మూరెడు వైరు తీసుకుని, ఒక చివర ట్యాంకు మీద గోకిన చోట, రెండో చివర బాడీకి పట్టించి, "తాళం తిప్పండి" అన్నారు. తోడిన డీజిల్ అప్పటికే మళ్ళీ పోసేశాం. నేను ముందు సీట్లో కూర్చుని తిప్పాను. పెద్దలు ముగ్గురూ కిటికీలోంచి తొంగి చూస్తున్నారు. ముల్లు పావు దగ్గర కాసేపు ఆగింది. తర్వాత పాత అంబాసిడర్ ముల్లుకి ఉండే తీరికతో, మెల్లగా, మెల్లగా లేచి సగానికి కొంచెం దిగువన నిలబడింది. అర నిమిషం పట్టి ఉంటుంది. ఆ అర నిమిషంలో కిటికీ దగ్గరున్న ఒక పెద్దాయన తల వెనక్కి తిప్పి వేపచెట్టు వైపు చూడడం నాకు అద్దంలో కనిపించింది.

మరి సాయంత్రం బాగుండి పొద్దున్నే ఎందుకు పడేది? అన్నయ్య చెప్పింది ఇది. గతుకుల రోడ్డు మీద తిరిగినంతసేపూ ఆ తుప్పు పట్టిన చోటు కదిలి కదిలి కాస్త అంటుకునేది. రాత్రంతా కదలకుండా మంచులో, చెమ్మలో ఉంటే మళ్ళీ వదిలేసేది. దానికి తోడు మన గుడి ముందు నేల వాలు. అక్కడ నిలబెడితే డీజిల్ ట్యాంకులో ఒక పక్కకి ఒరిగి, ఫ్లోటు ఉన్న పక్క తక్కువవుతుంది. కారులో డీజిల్ చూసుకోవాలంటే చదునైన చోటనే చూసుకోవాలి. ఇది కొత్త కార్లకి కూడా వర్తిస్తుంది.

ఆ తుప్పు పోర్టు ఏరియా నుంచి వచ్చిందే. విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఏ ఇంటి కిటికీ ఊచలు చూసినా తెలుస్తుంది. గాలిలోని ఉప్పు ఇనుము మీద వాలి చెమ్మని పట్టి ఉంచుతుంది. పైన రంగు బాగానే ఉంటుంది, స్క్రూ కింద, వాషరు కింద, ఎవరూ చూడని చోట పొరలు పొరలుగా తుప్పు లేస్తుంది. ఇనుము కరెంటుని పోనిస్తుంది, తుప్పు పోనివ్వదు.

ఎటూ చేయి పెట్టాం కదా అని యూనిట్ కూడా బయటికి తీశారు. ఫ్లోటుని చెవి దగ్గర ఊపి చూశారు, లోపల డీజిల్ చప్పుడు లేదు. వేడినీళ్ళలో ముంచారు, బుడగలు రాలేదు. చిల్లు పడితే బుడగలు వస్తాయి, అలాంటి ఫ్లోటు మునిగిపోయి ఎప్పుడూ ఖాళీ అనే చెబుతుంది. కమ్మీని మెల్లగా పైకి లేపుతూ మీటరు చూస్తే, అడుగు నుంచి పావు వరకు ఉన్న మేర తీగ అరిగిపోయి ఉంది, పైభాగం కొత్తదానిలా మెరుస్తోంది. అన్నయ్య నవ్వారు. "ఈ బండి జన్మలో ఫుల్ ట్యాంక్ ఎరగదు అయ్యగారూ." పేదవాళ్ళ కార్లన్నిటికీ అరుగుదల అక్కడే ఉంటుందేమో. ఐదు లీటర్లు, పది లీటర్లు పోయించుకుంటూ బతికిన బండి. కొత్త యూనిట్ కోసం గాజువాక ఆటోనగర్‌లో సగం రోజు తిరిగాం. దొరికిన ఒక్కటీ ఇంకేదో బండిది. చివరికి పాతదాన్నే బాగుచేశారు. నాలుకని వెంట్రుకవాసి వంచి తీగ మీద అరగని చోట తగిలేలా పెట్టారు. తుప్పంతా గోకి, ట్యాంకు నుంచి బాడీకి కొత్త ఎర్తు వైరు విడిగా వేసి, బిగించాక పైన గ్రీజు పూశారు. కొత్త ప్యాకింగ్ వేశారు. వైరు, ప్యాకింగ్, చిల్లర సామాను కలిపి 380 రూపాయలు. కూలి తీసుకోలేదు.

పెట్రోలు కార్లున్నవాళ్ళు ఇది చదివి ఇంట్లో మొదలుపెట్టకండి. డీజిల్ ఆవిరి మామూలు ఎండకి అంత తేలిగ్గా అంటుకోదు, పెట్రోలు ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. ట్యాంకు దగ్గర వైరు తాకించడమంటే నిప్పురవ్వే. ఖాళీ ట్యాంకుకి వెల్డింగ్ అసలు వద్దు, నిండుదాని కన్నా ఖాళీదే ప్రమాదం, ఎందుకంటే లోపలంతా ఆవిరే. 1997 సెప్టెంబరులో రిఫైనరీ తగలబడిన రోజు విశాఖలో ఉన్నవాళ్ళకి ఇంతకన్నా చెప్పనక్కరలేదు.

పనయ్యాక అన్నయ్య ఇంకొకటి చేశారు. డీజిల్ మళ్ళీ ట్యాంకులోకి పోసేటప్పుడు ఐదేసి లీటర్లకి ఒకసారి ఆగి, యూనిట్ కన్నంలోంచి సన్నటి వెదురుబద్ద దించి, తడి ఎంతవరకు ఉందో అక్కడ చాకుతో గీత పెట్టారు. ముల్లు ఏ గీతకి ఎక్కడుంటుందో చూసి రాసుకున్నారు. "ఫర్నేసులో కూడా ఇంతే" అన్నారు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ, మన బ్లాస్ట్ ఫర్నేసులకి నదుల పేర్లూ అమ్మ పేరూ పెట్టారు కదా. అంత పెద్ద కొలిమిలో పైనుంచి పోసిన ఖనిజం, కోకు ఎంతవరకు దిగాయో తెలుసుకోవడానికి స్టాక్ రాడ్ అని ఒకటుంటుంది. బరువుని కిందికి దింపి, సరుకు మీద ఆనేదాకా ఎంత దిగిందో చూడడమే. ఎన్ని మీటర్లు పెట్టినా, ఆనించి చూసే పద్ధతి వదులుకోరట.

అక్కడే ఉన్న మన ఇంకొక సహోదరుడు, పోర్టులో టాలీ క్లర్కుగా చేసినాయన, అందుకున్నారు. బైలదిల్లా నుంచి కొత్తవలస మీదుగా వచ్చే ఇనుప ఖనిజాన్ని ఓడకెత్తాక అదెన్ని టన్నులో తెలుసుకోవడానికి ఓడని కాటా మీద పెట్టలేం. ఓడ ఎంత మునిగిందో ముందు, మధ్య, వెనక రెండు పక్కలా గీతలు చదివి లెక్క కడతారు. అందులోంచి ఓడలోని ఆయిల్ బరువు, నీళ్ళ బరువు తీసేయాలి. ఆ ఆయిల్ ఎంతుందో ఓడ కంట్రోల్ రూమ్‌లో మీటరు చూపిస్తూనే ఉంటుంది. అయినా మనిషి వెళ్ళి ప్రతి ట్యాంకులోకీ కొలతపట్టీ దించి తడి చూసి రాస్తాడు. సౌండింగ్ అంటారు. లక్షల రూపాయల సరుకు లెక్క కదా, ఎవరూ మీటరు మాట మీద సంతకం పెట్టరు.

వింటుంటే నాకు అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం గుర్తొచ్చింది. పౌలు ఎక్కిన ఓడ తుపానులో పద్నాలుగో రాత్రి కొట్టుకుపోతుంటే, నేల దగ్గరపడిందేమోనని నావికులకి అనిపించింది. అనిపించినంత మాత్రాన వాళ్ళు లంగరు వేయలేదు. గుండు దించి చూశారు, 20 బారలు. కొంచెం ముందుకెళ్ళి మళ్ళీ చూశారు, 15 బారలు. అప్పుడు వేశారు వెనకనుంచి నాలుగు లంగర్లు. చీకట్లో, భయంలో, 276 మంది ప్రాణాలు చేతిలో పెట్టుకుని కూడా రెండుసార్లు కొలిచారు. ఆ అధ్యాయం మీద నేను చాలాసార్లు ప్రసంగించాను, ఆ గుండు గురించి మాత్రం ఎప్పుడూ ఆగి ఆలోచించలేదు.

ఇక ఆ రోజు సాయంత్రం సంగతి. కమిటీ పెద్దల్లో ఒకాయన వేపచెట్టు దగ్గరికి నడిచి వెళ్ళారు. ఏం మాట్లాడారో నాకు వినపడలేదు, అడగలేదు కూడా. మిగతా ఇద్దరూ నాతోనే "పాపం, ఎర్తు పోయిందన్నమాట" అని ఇంటికెళ్ళారు. నేను తాళంచెవులు అబ్బాయికి ఇవ్వబోతే తీసుకోలేదు.

"మీరు ఇక్కడ నలుగురికి సూపించినారు అయ్యగారూ. ఊరంతా అనుకున్నది ఈ నలుగురేనా?" అన్నాడు. "మా సెల్లికి సంబంధం సూస్తన్నాం. ఆళ్ళు వచ్చి అడిగితే ఎవులు ఏటి సెప్తారు? ముల్లు బాగైంది, నా పేరు బాగవ్వద్దా?"

ఇరవై రెండేళ్ళ కుర్రాడు అడిగిన మాట. దానికి నా దగ్గర జవాబుంది కాబట్టి ఇది రాశాను. కమిటీ తరఫున కూడా చెబుతున్నాను, వాళ్ళు చదివి ఒప్పుకున్నాకే పెడుతున్నాను: మన కారులోంచి ఒక్క లీటరు డీజిల్ పోలేదు. మూడు నెలల నోటుబుక్కు లెక్క మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు సరిగ్గా ఉంది. ఎవరైనా చూడాలనుకుంటే ఆదివారం ఆరాధన అయ్యాక బల్లమీద ఉంటుంది. తోడిన 24 లీటర్లకి సాక్షులు ముగ్గురు, వాళ్ళ సంతకాలు ఆఖరి పేజీలో ఉన్నాయి. ఎక్కడెక్కడ ఆ మాట అన్నామో, విన్నామో, అక్కడక్కడ ఈ సంగతి కూడా చెప్పండి. టీ కొట్టు దగ్గర ముఖ్యంగా.

మంగళవారం నుంచి డయాలసిస్ ట్రిప్పు మామూలుగా ఉదయం 5 గంటలకే బయలుదేరుతుంది, డ్రైవర్ పాత అబ్బాయే. కె.జి.హెచ్.లో పనున్నవాళ్ళు ముందు రోజు రాత్రి చెబితే వెనక సీట్లో ఇద్దరికి చోటుంది. వెదురుబద్ద డిక్కీలో ఉంది, పిల్లలు ఆడుకోవడానికి తీయకండి.